అరవనివ్వని చెయ్యి

ఏకాంబరయ్య స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు వాళ్ళు వెంట ఏం తెచ్చుకున్నారో చూసేవారు. జవాబు అందులోంచే తీసేవారు. కొబ్బరికాయ తెచ్చినవాడికి కొబ్బరికాయతో, గొడుగు తెచ్చినవాడికి గొడుగుతో. తెలివిమీరిన పెద్దమనిషి ఒకాయన ఈ సంగతి విని కావాలనే ఉత్తచేతులతో వస్తే, "పెరట్లో కలుపు పెరిగిపోయింది, కాస్త పీకి రా నాయనా, ఆ చేతులతోనే మాట్లాడుకుందాం" అని పంపించారట. ఏనుగు మల్లమ్మ కొండ అని ఆ పక్కవాళ్ళు పిలుచుకునే హార్స్‌లీ హిల్స్ అడుగున, ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట ఆయన ఆశ్రమం. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు గదులు, ఒక వసారా, వచ్చీపోయే కొద్దిమంది శిష్యులు, అంతే.

ఆ శిష్యుల్లో మునిలత ఒకతె. ఒకనాటి పొద్దున ఆమె పాత ఎర్ర స్పోర్ట్స్ కారొకటి తోలుకుంటూ వచ్చి, వసారా ముందు ఆపి, దిగీ దిగకముందే అడిగింది.

"స్వామీ, ఓర్పుకు హద్దుందా?"

మునిలత కొండదారి పందేల్లో కారు తోలుతుంది. ఆ కారు ఆమెది కాదు, చెంగల్రాయుడనే ఆయనది. పందేల జట్టు నడిపే ఆ రాయుడు తప్ప ఆడమనిషి చేతికి స్టీరింగ్ ఇచ్చేవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఇప్పుడాయన ఆ ఎర్ర కారును అమ్మేస్తున్నాడు. కొనడానికి కదిరి నుంచి ఇర్ఫాన్ అనే కుర్రాడు కొండమీదికి వస్తున్నాడు. చిక్కల్లా సెకండ్ గేరుతోనే. గేరు పడేముందు వేగం కలిపే ఇత్తడి రింగు ఒకటి ఉంటుంది, అది అరిగిపోయింది. అందుకని ఎవరు వేసినా ఆ గేరు అరుస్తుంది. ఒక్కోసారి అసలు పడదు. మునిలత చేతిలో మాత్రం అరవదు. రాయుడికి కావలసింది అదే. "నువ్వే తోలి చూపించు పాపా. నోరు మాత్రం మెదపద్దు. వచ్చే పందేనికి కొత్త బండి నీదే" అన్నాడు. కాదంటే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఇదంతా దాచకుండా చెప్పి, "ఓర్చినమ్మకు తేటనీరు అని మీరే గదా చెప్పినారు, ఓర్చుకోమంటారా?" అని ముగించింది. అడిగిన తీరు చూస్తే, ఓర్చుకొమ్మని ఆయన నోటితో అనిపించుకుని తేలిగ్గా వెళ్ళిపోదామన్నట్టే ఉంది. మనం పెద్దల సలహా అడిగేది చాలాసార్లు అందుకే కదా!

స్వామి ఆమెను చూడలేదు, కారును చూశారు. "నన్ను రవ్వంత దూరం కొండెక్కిస్తావా?" అన్నారు.

ఆ కారు సీటు నేలకు జానెడెత్తులో ఉంటుంది. పంచె ఎగ్గట్టి, శిష్యులు తలా ఒక చెయ్యి వేస్తే గాని ఆయన అందులో ఇమడలేదు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నా ముఖంలో మాత్రం జాతరకు బయలుదేరిన సంబరం. మునిలత కారు తీసింది. ప్రతి మలుపు ముందూ మూడో గేరులోంచి రెండుకు దించాలి. దించే ప్రతిసారీ ఆమె కాలు క్లచ్చును రెండుమార్లు తొక్కుతుంది. మధ్యలో గేరును న్యూట్రల్లో ఉంచి, యాక్సిలరేటరును ఒక్క తన్ను తన్ని, ఇంజను వేగాన్ని గేరు వేగంతో తానే కలుపుతుంది. అరిగిన రింగు చెయ్యాల్సిన పనిని ఆమె కాలు చేస్తుందన్నమాట. అదంతా రెప్పపాటులో అయిపోయి, వెన్నలో వేలు దిగినట్టు గేరు దిగుతుంది. ఆ విద్య అంటే ఆమెకు గర్వం. గర్వపడవలసిన విద్యే.

"బాగుందమ్మా. ఈసారి నేను వేసి చూస్తా" అన్నారు స్వామి.

గురువు మాట కాదనలేక ఆమె క్లచ్చు తొక్కి, "ఎడమకు తెచ్చి వెనక్కి లాగండి స్వామీ" అంది. ఆయన లాగారు. రోట్లో ఇనపముక్కలు వేసి రుబ్బినట్టు ఘర్రుమని కారు అరిచింది. దారి పక్క పిట్టగోడమీది కోతులు చెల్లాచెదురయ్యాయి. స్వామి ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు.

"అయ్యో, విరగ్గొట్టినానా తల్లీ?"

"మీ తప్పు కాదు స్వామీ. దాని రింగు అరిగిపోయింది. ఎవురేసినా అట్లనే అరుస్తుంది."

"మరి ఇంతసేపూ అరవలేదే?"

"నేను అరవనీలేదు."

అనేసిన తరువాత ఆ మాట ఆమెకే వినబడింది. ముఖం ఎర్రబడింది. రాయుడి మీద కోపం వచ్చింది, అంతకు రెట్టింపు తనమీద వచ్చింది. స్వామి తరువాతి మలుపులో దింపమని, తాను నడిచి వెళ్తానని చెప్పి, కొండ దిగిపోయారు.

కొండమీద రాయుడు ఎదురుచూస్తున్నాడు. ఇర్ఫాన్ తల్లిని కూడా వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. కారు కొనగానే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు దిగాలని వాడి సరదా. రాయుడు మునిలత దగ్గరగా వచ్చి, "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది, గుర్తుంది గదా" అని మెల్లగా హెచ్చరించాడు.

ఇర్ఫాన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె కారు తీసింది. మొదటి మలుపులో కాలు దాని పాటికది రెండుమార్లు తొక్కేసింది. అలవాటు అంత చెడ్డది. "అబ్బ, ఎంత మెత్తగా పడిందక్కా!" అని వాడు మురిసిపోయాడు. ఆ మెచ్చుకోలు ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. రెండో మలుపులో పళ్ళు బిగించి, కాలును అదుపులో పెట్టుకుని, ఎవరైనా తొక్కినట్టు ఒక్కసారే తొక్కి గేరు లాగింది. కొండ మారుమోగేట్టు కారు అరిచింది.

"ఏమైందక్కా?"

"ఏం కాలేదు తమ్ముడూ. దీని గొంతు ఇదే. ఇందాక నేను నొక్కిపెట్టినా. నువ్వు తోలితే ప్రతి మలుపులోనూ ఇంతే. గేరు పడకపోతే ఈ దిగుడులో నిన్నూ మీ అమ్మనూ పట్టుకునేదానికి బ్రేకు ఒక్కటే మిగులుతుంది."

తిరిగి వచ్చేసరికి రాయుడు నవ్వు పులుముకుని నిలబడి ఉన్నాడు. అరుపు ఆయనకూ వినబడింది. "పాపకు ఈపొద్దు చెయ్యి కుదరలేదు. ఇంకొకసారి చూపిస్తుంది చూడు" అన్నాడు ఇర్ఫాన్‌తో.

మునిలత చూపించింది. ఆయన ముందే, అందరూ చూస్తుండగా రోడ్డుమీద ముందుకు పోయి, వేగం అందుకుని, ఒక్కసారే తొక్కి లాగింది. తిరిగి వస్తూ మళ్ళీ లాగింది. రాయుడు రెండు చేతులూ ఎత్తి "ఆపు! ఆపు!" అని కేకలు పెట్టేదాకా ఆ కారును అరవనిచ్చింది. అప్పుడు దిగి చెప్పింది.

"చెయ్యి కుదిరే ఉండాది రాయుడన్నా. మీ తప్పు మూసేదానికి మాత్రం ఇంక కుదరదు."

"తాళాలు ఆడ పెట్టు. నా జట్టులో నీకింక చోటు లేదు. ఈ జిల్లాలో నీకింకెవడు బండి ఇస్తాడో నేనూ చూస్తా."

"చూడండి" అంది ఆమె. తాళాలు బానెట్టు మీద పెట్టి, వెనక్కి తిరగకుండా నడక మొదలుపెట్టింది.

దారిలో ఒకచోట పిట్టగోడమీద కూర్చుని ఏడ్చింది. భయంతో కాదు, ఇన్నాళ్ళూ ఎంత నేర్పుగా ఆయన తప్పు మూస్తూ వచ్చానో కదా అన్న మంటతో. తల్లీకొడుకులు ఎక్కిన బస్సు ఆమెను దాటుకుని కిందికి పోయింది. ఆమె ఆశ్రమం చేరేటప్పటికి పొద్దు వాలింది. స్వామి వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. జరిగిందంతా ఆమె నిలబడే చెప్పింది. చెబుతుంటే గొంతు పెరిగిందే తప్ప తగ్గలేదు.

"చేసిన పనికి నాకేం బాధ లేదు స్వామీ. ఇంకోసారైనా అదే చేస్తా. కానీ ఒళ్ళంతా మండతా ఉండాది. రేపట్నించి ఏం తోలాలో తెలీదు. ఓర్చుకునుంటే నా చోటు నాకు మిగిలేది గదా?"

స్వామి చేట ఆమె వైపు జరిపి, కూర్చోమన్నట్టు పక్కన చాప సర్దారు.

"చోటయితే మిగిలేదమ్మా, కాదనను. నువ్వు మిగిలేదానివా?"