చురుకి తీర్చిన ఆకు బాకీ

నల్లగుట్ట అడివిలో శుక్రవారం వచ్చిందంటే కాలు పెట్టడానికి జాగా ఉండదు. గుట్ట కింద మైదానమంతా సంతే సంత! ఎలుగుబంటి తేనె అమ్ముతుంది. నెమలి రాలిన ఈకలు అమ్ముతుంది. నడవలేనివాళ్లనీ, నడవడం నామోషీ అనుకునేవాళ్లనీ జింక వీపు మీద ఎక్కించుకుని సవారీ తిప్పుతుంది. అక్కడ చెల్లే నాణెం ఒక్కటే, వేరుశనక్కాయ.

ఆ సంతకి కొత్తగా వస్తున్న ఉడుత పిల్ల చురుకి. అమ్మ గూడు వదిలి, నేరేడు చెట్టులో సొంతంగా ఒక తొర్ర చూసుకుంది. చెట్టెక్కలేని జంతువులకి చిటారుకొమ్మ పళ్లు కోసిపెట్టి కాయలు సంపాదించేది. పనిలో గట్టిది. కాయలు నిలబెట్టుకోవడంలో మాత్రం ఓటికుండ.

ఒక శుక్రవారం చురుకి నెమలి కొట్టు ముందు నిలబడి గుటకలు మింగుతుంటే నక్క జంబన్న చూశాడు. సంతలో ఎవరు దేనివంక ఆశగా చూస్తున్నారో కనిపెట్టడమే ఆయన వ్యాపారం.

"ఏమే కోడలుపిల్లా, కొనుక్కోరాదూ?"

"కాయలు చాల్లేదు మావా. వచ్చే వారం కొంటాలే."

"వచ్చే వారానికి ఆ ఈక ఉంటుందా? ఈ వయసు ఉంటుందా?" అంటూ జంబన్న ఒక మోదుగాకు తీశాడు. ఆకు మధ్యలో ఎర్రటి జాజుతో ఆయన పంజా గుర్తు. "ఇది చూపుడాకు. ఏ కొట్టు ముందైనా చూపించి కావలసింది తీసుకో. వాళ్లకి నేను కడతా. నువ్వు నాకు తర్వాత కడుదువుగాని."

"తర్వాతంటే ఎప్పుడు?"

"నీ ఇష్టం తల్లీ! సంతసంతకీ గుప్పెడు కాయలు వెయ్యి చాలు."

"గుప్పెడేనా?"

"అదీ ఉడుత గుప్పెడు! కాస్త వడ్డీ ఉంటుందనుకో. పూచీకత్తుగా, మాటవరసకి, నీ తొర్ర పేరు అనుకుందాం. ఊఁ అను."

చురుకి చూపంతా ఈక మీదే ఉంది. "ఊఁ" అంది.

ఇక చూడండి సంబరం! తోకకి నెమలి ఈక కట్టింది. పొద్దున లేస్తే, సంత లేని రోజుల్లోనూ తెరిచే ఎలుగుబంటి కొట్లో తేనెలో ముంచిన ఇప్పపూలు. రెండు గెంతుల్లో చేరే వాగు దగ్గరికి కూడా జింక సవారీ. సాయంత్రం తొర్ర ముందు పాడి వెళ్లమని గోరింకకి నెల జీతం మాట్లాడింది. గోరింక రాగం అందుకునే వేళకి చురుకి గుర్రుపెడుతూ ఉండేది. అయినా జీతం జీతమే కదా! నేస్తాలందరికీ విందులు. "కట్టేది నేనే, తినండే!" అని ఆకు ఎగరేసేది. వారం వారం జంబన్న ముందు గుప్పెడు కాయలు పోసి, బాకీ తీరిపోతోందనే అనుకునేది.

ఎండలు ముదిరిన ఒక శుక్రవారం ఎలుగుబంటి ఆ ఆకు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ ఆకు చెల్లదమ్మాయ్. జంబన్న నిన్ననే చెప్పిపోయాడు."

చురుకి పరుగున నక్క దగ్గరికి పోయింది. ఆయన అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏంటి మావా ఇది? వారం వారం కడుతున్నానుగా!"

"కడుతున్నావు. ఆ గుప్పెడు వడ్డీకే చాలడం లేదు కోడలా. నువ్వు వాడుకున్నది అరగంప. దాని పిల్లలూ, పిల్లల పిల్లలూ కలిసి ఇప్పుడు నిండు గంప."

"పిల్లలేంటి?"

"కాయ మీద కాయ, ఆ కాయ మీద ఇంకో కాయ. వడ్డీ ముందు గుర్రాలే పరిగెత్తలేవంటారు, ఉడుతవి నువ్వెంత? మృగశిర కార్తెకి ముందొచ్చే శుక్రవారం, పొద్దు గూకేలోగా మొత్తం నా చేతికివ్వు. లేదా, నేరేడు చెట్టు తొర్ర ఖాళీ చెయ్యి. పాముకి అద్దెకిస్తానని ఇప్పటికే మాటిచ్చా."

వానలు మొదలయ్యే ముందు తొర్ర పోతే ఉడుతకి దిక్కెక్కడ? చురుకి సంత బయట బండి నీడన కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అక్కడే బరువులు మోసే ఎద్దు బోడెన్న నెమరేస్తూ పడుకుని ఉన్నాడు. కొమ్ముల్లేని ముసలి ఎద్దు. ఎప్పుడూ తొందర పడడు.

"ఏంటమ్మా ఆ ఏడుపు?"

చురుకి అంతా చెప్పింది. "ఇంకొక్క ఆకు దొరికితే ఇది తీర్చేసి..." అని కూడా అంది.

"ఏదీ, ఆ ఆకు ఇటివ్వు, చూస్తా."

ఇచ్చింది. బోడెన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లటుక్కున నోట్లో వేసుకుని నమిలి మింగేశాడు!

"అయ్యో తాతా! అదేం పని!"

"చప్పగా ఉంది. దీనికోసమా తొర్ర తాకట్టు పెట్టావు?" అని తోకతో ఈగలు తోలుకున్నాడు. "గుంటలో పడ్డవాడు ముందు తవ్వడం ఆపాలి. ఇప్పుడు చెప్పు. నువ్వు కొన్నవాటిలో ఏది లేకపోతే రేపు నీ ప్రాణం పోతుంది?"

చురుకి ఆలోచించింది. ఇప్పపూలు? ఈక? గోరింక పాట? జింక సవారీ? ఒక్కొక్కటే పైకి అంటుంటే తనకే నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్లీ ఏడుపొచ్చింది.

"ఏదీ లేకపోయినా పోదు తాతా. తొర్ర లేకపోతే పోతుంది."

"అంతే మరి. మంచం పొడుగు చూసుకుని కాళ్లు చాపుకో."

ఆ పూటే చురుకి మొదలెట్టింది. ఈక తిరిగి నెమలికి అమ్మేసింది, సగం ధరకే. గోరింకని మాన్పించింది. "నిద్రపోయేవాళ్లకి పాడలేక నా గొంతూ అరిగిపోయిందిలే" అని గోరింక కూడా ఊపిరి పీల్చుకుంది. చురుకి సవారీ మానేసి గెంతుతూ పోతే జింక కంటే ముందే వాగు చేరింది! "ఓరి నాయనో, ఇన్నాళ్లూ నెమ్మదిగా పోవడానికా కాయలు పోసింది!" అనుకుంది. పొద్దున ఇప్పపూలు మానడమే అన్నిటికన్నా కష్టమైంది. ఎలుగుబంటి కొట్టు వాసన తగలకుండా చుట్టుదారిన పోయేది. ఇదివరకు పొద్దెక్కేదాకా పడుకునేది, ఇప్పుడు తెల్లారకుండానే చిటారుకొమ్మన ఉండేది. కాయలు చేతికి రాగానే తినడానికి నాలుగు ఉంచుకుని, మిగతావన్నీ నేరుగా జంబన్న గంపలో పోసేది. ఈసారి గుప్పెడు కాదు, దోసెళ్లకి దోసెళ్లు!

నేస్తాలు మూతులు తిప్పారు. "పిసినారి అయిపోయిందే!" అన్నారు. ఒక్క చిలుక మంజరి మాత్రం విందుకి పిలిచి, "ఏమీ తేకే, నువ్వొస్తే చాలు" అంది. ఆ రోజు అందరి తోకలకీ ఈకలు. చురుకి బోడి తోకతో మూల కూర్చుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాసేపటికి మంజరి లాక్కెళ్లి ఆడించేసరికి ఈక సంగతే మర్చిపోయింది.

బాకీ కరుగుతుంటే జంబన్నకి కంగారు పుట్టింది. అప్పు తీరితే వడ్డీ ఎక్కడిది? తొర్ర ఎక్కడిది? ఒక సాయంత్రం నేరేడు చెట్టు కింద చేరి పళ్లికిలించాడు.

"కోడలా, బుద్ధిగా కడుతున్నావని ముచ్చటేసి కొత్త చూపుడాకు తెచ్చా. పాతదానికి రెండింతలు వాడుకోవచ్చు. పైగా తేనె ముంత ఉచితం!"

మూత తీశాడు. ఘుమఘుమ! చురుకి కాలు తనకి తెలీకుండానే ఒక కొమ్మ దిగింది. ఇంకో కొమ్మ దిగింది. ముంత మీద చెయ్యి పెట్టబోయి ఠక్కున ఆగింది.

"ఉచితమైతే ముంత ఇచ్చి, ఆకు తీసుకుపో మావా."

"రెండూ కలిపే ఇస్తాను తల్లీ."

"అయితే రెండూ తీసుకుపో!" అని ఒక్క ఉరుకున చిటారుకొమ్మకి ఎక్కేసింది. గెలిచినట్టే ఉంది!

ఆఖరి శుక్రవారం వచ్చింది. మిగిలిన బాకీకి సరిపడా కాయలు గంపకెత్తి, బోడెన్న వీపు మీద పెట్టుకుని చురుకి సంతకి వచ్చింది. చూస్తే అరుగు ఖాళీ!

"జంబన్న ఏడీ?"

"చుట్టాలింటికి పోయాడట" అంది ఎలుగుబంటి.

మంజరి రివ్వున వచ్చి వాలింది. "చుట్టాలూ లేదు, పక్కాలూ లేదు! పొద్దున్నే గుహలో దూరి రాయి అడ్డం పెట్టుకోవడం నా కళ్లారా చూశానే!"

చురుకికి అర్థమైంది. పొద్దు గూకేలోగా ఆయన చేతికి అందకపోతే తొర్ర ఆయనది. అందుకే చెయ్యే దాచేశాడు! సంతంతా గుహ ముందుకి కదిలింది. "మావా! మావా!" అని చురుకి గొంతు పోయేలా అరిచింది. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొద్దు గుట్ట నెత్తిమీదికి జారింది.

బోడెన్న రాయిని తలతో నెట్టి చూశాడు. కదల్లేదు. "ఇక ఎలాగమ్మా?" అన్నాడు.

చురుకి కళ్లు మూసుకుంది. జంబన్న దేనికి కదులుతాడు? తనని ఈకతో కదిపాడు, తేనెతో కదిపాడు. మరి ఈయన్ని కదిపేదేంటి? చటుక్కున కళ్లు తెరిచి మంజరికి కన్ను గీటింది. గొంతు పెంచి మాట్లాడింది.

"పోనీలేవే మంజరీ! బాకీ కట్టలేను గానీ, ఆ రెండింతల ఆకు తీసుకుందామని ఎంతో ఆశపడి వచ్చా. నెమలి ఈకలు కట్ట కట్ట కొనాలనుకున్నా!"

మంజరి అందుకుంది. "నాకూ ఒకటి కావాలే! మా పెదనాన్న పిల్లలందరికీ కావాలట!"

"జంబన్న మావ ఊళ్లో లేడుగా. పద, దుమ్ములగొండి దగ్గరికి పోదాం. వాడూ ఆకులు ఇస్తున్నాడట, వడ్డీ ఎంతన్నా ఒప్పుకుందాం!"

లోపల గురగుర చప్పుడు. రాయి దొర్లింది. సంకలో ఆకుల కట్టతో జంబన్న దూకినట్టే బయటికొచ్చాడు.

"ఆగండమ్మా! ఆగండి! ఇక్కడే ఉన్నానుగా! ముందు ఎవరికి?"

"ముందు నాకే మావా!" అంటూ చురుకి గంప ఆయన చేతుల్లో కుమ్మరించింది. "ఇదిగో నీ బాకీ! పొద్దు ఇంకా గుట్ట మీదే ఉంది. అందరూ చూడండి!"

సంతంతా తలెత్తి చూసింది. ఎర్రటి పొద్దు అంచు గుట్ట మీద నిలిచే ఉంది.

"ఇవాళ... ఇవాళ నాకు సెలవు" అని జంబన్న వెనక్కి తిరిగాడు. గుహ వాకిలి నిండా బోడెన్న అడ్డంగా నిలబడి నెమరేస్తున్నాడు.

"ఇప్పుడేగా ఆకులు పంచుతానని వచ్చావు? ఇచ్చేటప్పుడు లేని సెలవు పుచ్చుకునేటప్పుడు వచ్చిందా?" అంది ఎలుగుబంటి.

గుట్ట దద్దరిల్లేలా నవ్వులు! జంబన్న తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కాయలు లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. "తీరింది" అని గొణిగాడు.

"వినపడలేదు మావా!"

"తీరింది! మొత్తం తీరింది!"

చురుకి గాల్లోకి ఎగిరి మూడు పల్టీలు కొట్టింది. అంతలో మబ్బు ఉరిమింది. టపటపా తొలకరి చినుకులు. జంతువులన్నీ తలా ఒక దిక్కుకి పరిగెత్తాయి. సంకలోంచి జారిన చూపుడాకులు నీళ్లలో కొట్టుకుపోతుంటే జంబన్న ఒక్కడే వాటి వెంట పడ్డాడు. ఒక్కటీ దొరకలేదు. ఎవరూ ఆగి చూడలేదు.

చేజాపిన కోరికను కాస్త ఆపగలిగితే, మెడకు చుట్టుకున్న అప్పు తానే జారిపోతుంది.