తోక ఉన్న పుట్టగొడుగు

నల్లమలలో తొలకరి పడిన వారానికి ఎక్కడ చూసినా పుట్టగొడుగులే. పచ్చిక ఇంకా లేవదు, దుంపలు ఊరవు. ఆ పది రోజులూ అడవిలో సగం కడుపులకు అవే ఆధారం. కిందటేడు ఏదుపంది మొగుడు తెల్లగా నిగనిగలాడే గొడుగొకటి తిని తెల్లారేసరికి పోయాడు. అప్పట్నుంచి అందరికీ ఆకలి ఎంతో భయమూ అంతే.

ఆ భయం నక్కకు బాగా కలిసొచ్చింది. వాగు పక్కన బండెక్కి కూర్చుని, ఏది మంచిదో ఏది విషమో తాను చెబుతానని చాటింది. దాని పరీక్ష చూడముచ్చటగా ఉండేది. గొడుగును మూడుసార్లు వాసన చూసేది, కళ్లు మూసుకునేది, తర్వాత దాని మీద ఒక నత్తను వదిలేది. నత్త కొరికితే మంచిదన్నట్టు. అడుగున పొడుగాటి వేరు తోకలా వేలాడుతుంటే మాత్రం, అది పచ్చి విషమని పక్కన పెట్టేసేది. పిల్లలు తాకకుండా లోయలో పారేస్తానని సాయంత్రం మోసుకుపోయేది. నిజానికి ఆ తోక ఉన్నవే చెదపుట్టల్లోంచి మొలిచే కమ్మటి గొడుగులు. లోయ అంటే నక్క పొట్టే. నాలుగు రోజుల్లో దాని బుగ్గలు నిండాయి. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. భయపడ్డవాళ్లకు గట్టిగా మాట్లాడేవాడు పండితుడిలాగే కనిపిస్తాడు మరి.

కుందేలు పోలమ్మకు నలుగురు పిల్లలు. నక్క మంచిదన్న తెల్లగొడుగు తిని పెద్దది రోజంతా వాంతులు చేసుకుంది. ఎలాగో బతికి బయటపడింది. మిగతా ముగ్గురూ ఆకలితో ఏడుస్తున్నారు. పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో తెలియక పోలమ్మ పుట్టలు తవ్వుకు బతికే ముసలి అలుగు దగ్గరికి పరిగెత్తింది.

"నత్త కొరికిందవ్వా, నా కళ్లారా చూశాను," అంది.

"నత్త కడుపు వేరు, నీ బిడ్డ కడుపు వేరు. దానికి అరిగిందల్లా మనకు అరగాలని ఎక్కడుందే?" అంది అలుగవ్వ. తోక ఉన్నవి ఏం చేస్తున్నారని అడిగింది. అవి విషమట, నక్కమామ లోయలో పారేస్తున్నాడట అని పోలమ్మ చెప్పగానే ముసలిది పొలుసులు కదిలేలా నవ్వింది. పోలమ్మను ఒక పుట్ట దగ్గరికి తీసుకెళ్లి, గొడుగు చుట్టూ మట్టి మెల్లగా తవ్వి చూపించింది. తోక లోలోపలికి, చెదల ఇంటిదాకా దిగి ఉంది. ఊహ తెలిసినప్పట్నుంచీ చెదలతో పాటు వీటినే నంజుకు తింటున్నానని చెప్పి, ఒకటి నోట్లో వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే అలుగవ్వ బండ దగ్గరికి ఒక కుప్ప తెచ్చింది. సగం పుట్ట మీదివి, సగం పాత పశువుల దొడ్డిలో మొలిచిన విషపువి. అన్నీ తెల్లనివే, అన్నిటి కాడలూ మొదలంటా విరిచేసి కలిపేసింది. అడవంతా చుట్టూ చేరింది. నక్క ఒక్కోదాన్నీ తిప్పి చూసింది. తోక ఎక్కడా లేదు. మూడుసార్లు వాసన చూసింది, కళ్లు మూసుకుంది. నత్త అన్నిటినీ కొరికింది. ఇక చేసేదేం లేక, అన్నీ మంచివేనంది.

"అయితే ముందు నువ్వే ఒకటి తిను నాయనా," అంది అలుగవ్వ.

ఇవాళ ఉపవాసమని నక్క నసిగింది. ఆ బుగ్గలు ఉపవాసం బుగ్గల్లా లేవని ఎవరో వెనక నుంచి అన్నారు. అప్పుడు ఏదుపంది ముళ్లు లేపి ముందుకొచ్చింది.

"మా ఆయన్ని పొట్టన పెట్టుకున్న గొడుగు ఇందులో ఉందో లేదో చెప్పు."

నక్క కుప్పను గబగబా మళ్లీ కెలికింది. "తోకలు విరిచేస్తే మంచివేవో నేనెలా పోల్చేది?" అని నోరు జారింది.

లోయలోకి వెళ్లినవి ఎక్కడికి వెళ్లాయో అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఏదుపంది ఒక్క అడుగు వేసేసరికి నక్క బండ దిగి పొదల్లో పడి పరుగు తీసింది.

ఆకలి మీదున్న అడవిపంది కుప్పలోని మంచివాటిని ఏరి పెట్టమని అవ్వను అడిగింది.

"కలిపేశాక నాకూ తెలియదు," అంది అలుగవ్వ. "తెలియనిది తినం. మొత్తం పాతిపెట్టండి. ఇకనుంచి ఎవరూ విరవొద్దు. చుట్టూ తవ్వండి, తోక చెదల ఇల్లు చేరితేనే కోయండి. అనుమానముంటే నన్ను పిలవండి, నాకూ అనుమానమైతే వదిలేద్దాం."

మంచివీ విషపువీ కలిపి పాతిపెట్టి, అందరూ అవ్వ వెంట పుట్టల వైపు నడిచారు. మధ్యాహ్నానికి పోలమ్మ చిన్నపిల్లలు ముగ్గురూ కడుపునిండా తిని నిద్రపోయారు. పెద్దది లేచి కూర్చుని, తనకూ ఒకటి కావాలని చెయ్యి చాపింది. పోలమ్మ గొడుగు తోకను మళ్లీ ఒకసారి చూసుకుని, తుంచి పెట్టింది.

తెలియదని ఒప్పుకునేవాడి చేతి తిండే నిర్భయంగా తినదగ్గది.