జ్వరం కంటే ముందు చలి ఎందుకు వస్తుంది

జ్వరం ఎక్కడ పుట్టిందో నేను చెప్పను. దానికి మందు ఏమిటో కూడా చెప్పను. అది వైద్యులు చెప్పవలసిన మాట. దోమను నాలుగు తిట్లు తిట్టమని పిల్లలు అడుగుతారు. తిట్టను. కొండ కింద ఉన్న జ్వరం కొండ మీద ఎందుకు లేదో, అది వచ్చే ముందు ఒళ్ళు ఎందుకు వణుకుతుందో, అంతవరకే చెబుతాను.

ఒకప్పుడు చలికి, జ్వరానికి ముఖపరిచయం కూడా లేదు.

చలి కొండకొమ్మున ఉండేవాడు. ముసలివాడు, మాట తక్కువవాడు. మంచును దుప్పటిలా కప్పుకొని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, కిందికి చూస్తూ కూర్చునేవాడు. ఆయన ఊపిరి విడిస్తే మేఘం కదిలేది. బిగబడితే ఆగేది.

కొండ అడుగున ఉక్క ఉండేది. మెత్తని మనిషి. ఎవరు ఏమడిగినా కాదనేది కాదు. గింజ అడిగితే మొలిపించేది, కాయ అడిగితే పండించేది. ఆమె పక్కనే వాగు. వానాకాలంలో వాగు పొలాల మీదికి ఒళ్ళు విరుచుకొని, తిరిగి పోయేటప్పుడు గుంటల్లో కాసిని నీళ్ళు మరిచిపోయేది.

అప్పట్లో దోమ ఒట్టి దోమే. కుట్టేది, ఎగిరిపోయేది. కుట్టినచోట గోక్కుంటే సరిపోయేది.

ఒక ఏడు వానలు వెలిశాక, ఆవగింజలో పిసరంత కూడా లేని పచ్చి జ్వరం ఒకటి ఆ వాగు ఒడ్డుకు వచ్చింది. వెచ్చని చోట కొన్నాళ్ళు దాగితే తప్ప అది పండదు. పండితే తప్ప అది ఎవరినీ పట్టలేదు.

"నాకింత చోటిస్తావా?" అని రాయిని అడిగింది.

"నాకు లోపల అనేదే లేదు" అంది రాయి.

వాగును అడిగింది.

"పరుగెత్తేవాళ్ళు ఏం దాచగలరు? నిలిచిన నీళ్ళ దగ్గర అడుగు" అంది వాగు, ఆగకుండానే.

నిలిచిన నీళ్ళ దగ్గర దోమ గుడ్లు పెడుతోంది.

"నీ కడుపులో కొన్నాళ్ళు ఉండనీ" అంది జ్వరం.

"ఉంటే నాకేమిటి?"

"నిన్ను చూడగానే మనుషులు చెయ్యెత్తుతున్నారు కదా. నువ్వు నన్ను మోసుకెళ్ళిన ఇంట్లో ఎవరూ మంచం దిగరు. మంచం దిగనివాడు చెయ్యెత్తడు. నువ్వు తీరిగ్గా తాగవచ్చు."

దోమ ఉక్క వైపు చూసింది. "ఉండనీలేమ్మా, నేను వెచ్చగా చూసుకుంటాను" అంది ఉక్క, ఎప్పటిలాగే.

ఆ ఏడు కొండ కింది ఊరిలో వరి బాగా పండింది. కోసేవాళ్ళు లేరు. జ్వరం ఏ గుర్తూ లేకుండా వచ్చేది. పొద్దున గొడ్లను తోలుకెళ్ళిన మనిషి సాయంత్రానికి మంచం మీద కాలిపోతూ ఉండేవాడు. కొందరు ఆ మంచం దిగనే లేదు.

ఆ ఊరిలో బుద్రి అనే ఆమె ఉండేది. ఆమెకు సుకిరి ఒక్కతే కూతురు. సుకిరిని జ్వరం ఇంకా ముట్టలేదు. బుద్రి పిల్లను వీపున కట్టుకొని, కొండకొమ్మున ఉన్న గురువారి అనే తన అక్క ఇంటికి బయలుదేరింది. ఆమె కొంగు మడతలో దోమ కూడా బయలుదేరింది. పైన కూడా మనుషులు ఉన్నారు కదా.

దారి పొడుగునా వలిసె చేలు పసుపుగా పూసి ఉన్నాయి. ఎక్కేకొద్దీ పసుపు పలచబడింది, మంచు చిక్కబడింది. కాసేపటికి తల్లి అడుగులు కూడా సుకిరికి వినబడలేదు. మేఘంలో ఎవరో తనను నిద్రలో మోసుకెళుతున్నట్టు అనిపించింది.

కొమ్ముకు చేరగానే దోమ రెక్కలు బిగుసుకుపోయాయి. కడుపులో కొత్తగా చేరిన పచ్చి జ్వరం గొణగడం మొదలుపెట్టింది. "చలికి పాలు తోడుకోనట్టు నేను ఇక్కడ తోడుకోవడం లేదు. నేను పండేలోపు నీ ఆయుష్షు అయిపోతుంది. దిగు."

దోమ చలి ముందుకు వెళ్ళింది. "తాతగారూ, కొంచెం జరుగుతారా? ఇంత చోటు చాలు."

"లేదు" అన్నాడు చలి.

"ఎందుకని?"

చలి దుప్పటి బిగించుకున్నాడు. ఒకసారి చెప్పిన మాట ఆయన మళ్ళీ చెప్పడు. దోమ ఎలాగో గాలిని పట్టుకొని కిందికి జారిపోయింది.

అక్క ఇంట్లో కొన్నాళ్ళు గడిచాక బుద్రి మూట కట్టుకుంది.

"వరి పోతే పోనీయే. పిల్ల కన్నా ఎక్కువేటి?" అంది గురువారి.

"వరి పోతే పిల్లకి ఏటి పెడతాను? నీ గాదెలో చోళ్ళన్నీ మేమే తినీసినాం."

"నువ్వేటి తిన్నావు, తిన్నదంతా నీ కూతురే. చూస్తే పిచికంత, అంబలి చూస్తే ఎద్దంత."

సుకిరి గిన్నె అడుగు నాకుతూ వాళ్ళ వైపు చూడనట్టు కూర్చుంది.

దిగే ముందు బుద్రి కూతురితో కలిసి చలి దగ్గరకు వెళ్ళింది.

"తాతా, నువ్వూ మాతో రా. నువ్వుంటే జ్వరం పండదని మా అక్క అంది."

"అది ఉక్క చోటు. నేను దిగితే ఇకపై మీ వరి పాలు పోసుకోదు."

"అయితే ఇలాగ కూర్చుని చూస్తుంటావా? ఇంత పెద్దోడివి. ఇది నీ మనవరాలే అయితే?"

చలి ఊపిరి బిగబట్టాడు. మేఘాలన్నీ ఆగిపోయాయి. ఆకుల మీద మంచుబొట్లు కూడా రాలకుండా ఆగాయి. తరువాత ఆయన ఊపిరి వదిలాడు.

"జ్వరాన్ని ఆపడం నా వల్ల కాదు. దానికంటే ముందు రావడం నా వల్ల అవుతుంది."

"వచ్చి ఏటి చేస్తావు?"

"మనిషిని పట్టుకొని కుదుపుతాను. నేను కుదిపానంటే వెనక అది వస్తోందని తెలుసుకో. కప్పి పడుకోబెట్టి ఊరుకోవద్దు. వైద్యుడి దగ్గరకు నడు."

బుద్రి దిగింది. కోత మొదలుపెట్టింది. ఒకనాటి మిట్టమధ్యాహ్నం, కళ్ళంలో ఎండ నిప్పులు చెరుగుతుండగా, కుప్ప పక్కన ఆడుకుంటున్న సుకిరి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఒళ్ళంతా గాలిలో ఆకులా ఊగింది.

"అమ్మా, తాత వచ్చాడు" అంది.

పక్కింటి దొంబు గొంగడి పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. "ఇంత ఎండలో చలేటి? కొండమీది ముసలోడు దిగొచ్చి పిల్లని పట్టీసినాడు. కప్పండి, బాగా కప్పి పడుకోబెట్టండి. అదే పోతాది."

"పోదు బావా. ముసలోడు పట్టలేదు, లేపినాడు" అంది బుద్రి. కొడవలి అక్కడే పడేసింది. పిల్లను ఎత్తుకొని వాగు దాటి, అవతలి ఊరి వైద్యుడి ఇంటికి ఆగకుండా నడిచింది. ఒళ్ళు కాలడం మొదలయ్యేసరికి చేదు మందు గొంతు దిగింది.

సుకిరికి కల వచ్చింది. ఆ కలలో ఉక్క ఒక చెయ్యి, చలి ఒక చెయ్యి పట్టుకొని, తనను వలిసె చేలలో నడిపించారు. మెలకువ వచ్చేసరికి ఒళ్ళు చెమటతో తడిసి ఉంది. అంబలి అడిగింది. ఇంకోసారి అడిగింది.

ఊరు మాత్రం దొంబు చెప్పిందే నమ్మింది. చలి వచ్చింది, వెంటనే జ్వరం వచ్చింది. కాబట్టి తెచ్చింది చలే అనుకున్నారు. దానికి చలిజ్వరం అని పేరు పెట్టారు. బుద్రి కాదని చెప్పింది. ఎవరు వింటారు?

పిల్ల కోలుకున్నాక ఆమె మళ్ళీ కొండెక్కింది.

"తాతా, జ్వరానికి నీ పేరు తగిలించీసినారు. తెచ్చింది నేను కాదని నువ్వొక్క మాట చెప్పొచ్చు కదా."

"ఆ పేరు వింటే మనుషులు త్వరగా లేచి వైద్యుడి దగ్గరకు నడుస్తున్నారా?"

"నా పిల్ల బతికింది చూసి ఇప్పుడిప్పుడే లేస్తున్నారు."

"అయితే ఉండనీ" అన్నాడు చలి. దుప్పటి సర్దుకొని కిందికి చూస్తూ కూర్చున్నాడు.

అప్పటినుంచే ఆ జ్వరం ఉక్క ఉన్నచోట, నీళ్ళు నిలిచినచోట పండుతుంది. కొండకొమ్మున పచ్చిగానే రాలిపోతుంది. అప్పటినుంచే అది మనిషిని ముట్టకముందు చలి వచ్చి కుదిపి పోతుంది.

దోమ కూడా ఆశ వదులుకోలేదు. గుంటలో, బండి గాడిలో, పగిలిన కుండలో, ఎక్కడ నీళ్ళు నిలిస్తే అక్కడ కొండకు ఉత్తరం రాస్తుంది. ఆ నీళ్ళలో వంకరలు తిరుగుతూ ఆడే సన్నని పురుగులే దాని అక్షరాలు. "తాతగారికి నమస్కారం. అడవి పలచబడిందని, ఉక్క ఏడాదికి కొంత కొండ ఎక్కుతోందని, మీ దుప్పటి చిరుగులు పడుతోందని విన్నాను. ఇప్పుడైనా కొంచెం జరుగుతారా?"

కనబడిన ఉత్తరాన్నల్లా సుకిరి చదవకుండానే ఒంపేసేది. ఇప్పటికీ ఆ ఊరి పిల్లలు ఒంపేస్తూనే ఉన్నారు. ఒంపనివి కొండకు చేరుతూనే ఉన్నాయి. చలి వాటిని చదువుతాడు. చిరిగిన దుప్పటిని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంటాడు.

జవాబు మాత్రం ఇంతవరకు రాయలేదు.