వాసెన కట్టిన ఎరువుకుండ

"గురువు గారూ, మరిచిపోదామనుకున్న మాటే ఎందుకు మరపు రాదు?" అని వరహాలమ్మ ఒకనాడు మా దాసు గారిని అడిగింది. మూడేళ్ళ కిందట తల్లి పెద్దకర్మ నాడు, చెల్లెలు రత్నం పదిమందిలో ఆవిణ్ణి ఒక మాట అంది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎవరేమడిగినా చేతికో పని అప్పగించడం దాసు గారి అలవాటు. అడుగున చిల్లులున్న కుండ ఒకటి ఇచ్చి, "వంటింటి తొక్కలు వేసి ఎరువు చెయ్యమ్మా, తరవాత మాట్లాడుకుందాం" అన్నారు. ఎలా చెయ్యాలో ఆవిడ అడగలేదు. నలభై ఏళ్ళుగా వంటిల్లు ఏలుతున్న మనిషి, అడుగుతుందా!

మూడు నెలలకి కుండ చంకనెత్తుకుని విసురుగా వచ్చింది. "పిడికెడు ఎరువైనా కాలేదండీ! నిన్న రత్నం మా ఇంటికొచ్చి, కూతురి పెళ్ళికి రమ్మని బొట్టు పెట్టి వెళ్ళింది. శుక్రవారమే ముహూర్తం. ఇప్పుడు వెళ్ళకపోతే ఈ జన్మకింక కలవం. వెళ్దామంటే కాళ్ళు రావడం లేదు."

దాసు గారు కుండ మూతికి వాసెన కట్టిన గుడ్డ విప్పారు. గుప్పున పసుపు వాసన. అరటితొక్కలు, బీరతొక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"ఏమేం వేశావమ్మా?"

"పురుగు పట్టకుండా ఉప్పూ పసుపూ వేశాను. తొక్కలు ఎండబెట్టి మరీ వేశాను. చుక్క తడి తగలనిస్తేనా!"

"ఊరగాయ పెట్టావేమిటి వదినా!" అన్నాను నేను. అక్కడున్న శిష్యులం అందరం పగలబడి నవ్వాం. పాపం, ఆవిడ మొహం చిన్నబోయింది. దాసు గారు మాత్రం నవ్వలేదు.

"ఆ రోజు మీ చెల్లెలు ఏమందమ్మా?" అని మెల్లగా అడిగారు.

"'చివరి రోజుల్లో అమ్మకి నువ్వు చేసిందేముంది, చుట్టంచూపుగా వచ్చి పోయావు' అంది." రత్నం గొంతుతోనే, ఆ విసురుతోనే చెప్పింది. చెబుతూనే బావురుమంది. ఇవాళ పొద్దున్నే పడ్డ మాటలా ఉంది. మాకెవరికీ ఇంక నవ్వు రాలేదు.

ఆవిడ కళ్ళు తుడుచుకునేదాకా ఆగి దాసు గారు అన్నారు: "ఆ ఉప్పు కడిగెయ్యమ్మా. ఎండుటాకులూ, గుప్పెడు మట్టీ కలిపి, కాస్త పుల్లమజ్జిగ చల్లు. చెమ్మ ఆరనివ్వకు. వారానికోసారి కలియబెట్టు."

"పురుగు పడుతుందేమోనండీ!"

"పడనీ."

ఆవిడ కుండ దగ్గరికి లాక్కుంది. "మరి శుక్రవారం?" అంది.

"వెళ్ళు. మొదట్లో కాస్త కంపు కొడుతుంది తల్లీ. పారబొయ్యకు."