నూట పన్నెండు కాగితాలు

వేదాచలం గారికి ఒక అలవాటు. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పుల్లో కాళ్లు పెడతారు. సర్వేల కోసం నలభై ఏళ్లు ఊళ్లు తిరిగిన మనిషి. కూర్చుని చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదని ఆయన నమ్మకం.

ఆ ఉదయం అడిగింది సింధూర. లెక్కల్లో దిట్ట, కాగితం చూస్తూనే శాతాలు చెప్పేస్తుంది. ఆడవాళ్ల ఒంటరితనం మీద మూడు దేశాల్లో ఒకే ప్రశ్నలతో జరుగుతున్న సర్వేలో ఇక్కడి పనంతా తనదే.

"నార్వే, పోర్చుగల్ లెక్కలు కలిశాయి గురువుగారూ. మనవే కలవడం లేదు. ఒకావిడ ఇంట్లో తొమ్మిది మంది ఉన్నారట, వారంలో పద్నాలుగు పూటలూ ఒక్కతే తిన్నదట. ఒంటరిగా అనిపిస్తుందా అంటే లేదన్నదట. ఇలాంటివి నూట పన్నెండు. తప్పుడు జవాబులు, తీసేద్దామని వాళ్లు రాశారు. ఇవాళ నాలుగింటిలోగా చెప్పాలి. తీసెయ్యమననా?"

"వాటిలో నువ్వు నింపిన కాగితం ఒకటి పట్టుకురా" అంటూ ఆయన చెప్పులు వెతుక్కున్నారు.

బస్సు దిగి, ఆ కాగితంలో జవాబులిచ్చిన నాంచారమ్మ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. "వేళకొచ్చారు, కాళ్లు కడుక్కోండి" అంది ఆమె అత్తగారు. వద్దన్నా వినలేదు. ఇంటివాళ్లు ఎనిమిది మంది, వీళ్లిద్దరూ బంతిగా కూర్చున్నారు. నాంచారమ్మ వడ్డిస్తోంది.

"మీరూ కూర్చోండి పిన్నీ" అంది సింధూర.

"అది కూర్చుంటే వడ్డించేదెవరమ్మా? మీ నార్వే వాళ్లొస్తారా?" అంది, మొన్న సర్వే సంగతి విన్న అత్తగారు. బంతంతా నవ్వింది. నాంచారమ్మ కూడా నవ్వింది.

చెయ్యి కడుక్కున్నాక సింధూర వంటింట్లోకి తొంగిచూసింది. నాంచారమ్మ గోడవైపు తిరిగి గిన్నె అడుగు గోకుతోంది. ఇవాళ తిన్నవాళ్లు ఇద్దరు ఎక్కువ. ఆ లెక్క సింధూరకి వెంటనే తేలింది.

పక్కన కూర్చుని, మొన్నటి ప్రశ్నే గొంతు తగ్గించి అడిగింది. "ఒంటరిగా అనిపిస్తుందా పిన్నీ?"

నాంచారమ్మ గుమ్మం వైపు చూసింది. "మొన్న వసారాలో అడిగితివి. మా అత్త పక్కనే ఉండె, మా ఆయన ఉండె. ఏం చెప్పమంటావు?" గోకిన మాడు మెతుకుల మీద మజ్జిగ పోసుకుంది. "ఇరవై రెండేళ్లు. నేను తినేది చూసినోళ్లు లేరు. ఇయ్యాల నువ్వు చూస్తన్నావు, ముద్ద దిగట్లా."

సింధూర లేచి బయటికి వచ్చేసింది. ఆ కాగితాలు తీయొద్దని రాయబోతే ఊళ్లో సిగ్నల్ లేదు. తిరుగు బస్సు ఆలస్యంగా వచ్చింది. పెద్ద రోడ్డెక్కేసరికి నాలుగూ ఇరవై. ఫోన్ మోగింది. విదేశీ జట్టు నుంచి మెయిల్. మర్యాదగానే రాశారు.

ఆమె చదివి వినిపించింది. "మీ జవాబు రానందున ఆ నూట పన్నెండూ తీసి నివేదిక పంపేశాం. ఇప్పుడు మూడు దేశాల లెక్కలూ చక్కగా కలిశాయి. మీ సహకారానికి ధన్యవాదాలు."

వేదాచలం గారు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"కలుస్తాయమ్మా. వడ్డించే మనిషిని లెక్కపెట్టకపోతే, బంతి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది."