తీర్పుబండెక్కిన నక్క

గానుగ చుట్టూ పద్నాలుగేళ్ళు తిరిగిన పుల్లన్న అనే ఎద్దుకు ముందుకాలి మోకాలు పోయింది. యజమాని దాన్ని అడవి అంచున వదిలేసి వెళ్ళాడు. వీపు మీద పిడుదులు ఏరిపెట్టే గోరువంక తప్ప పలకరించే దిక్కు లేదు. నొప్పి ఓర్చుకోలేని ఒక పొద్దున, "ఇంక చాలమ్మా, పోతే బాగుండు" అంది ఎద్దు ఆ పిట్టతో.

ఆ మాట పొదలో ఉన్న నక్క చెవిన పడింది. గోతికాడ నక్క అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మధ్యాహ్నానికల్లా జంతువులన్నీ పుల్లన్న పడి ఉన్నచోటికి పక్కనే, అడవి తగవులు తీర్చే తీర్పుబండ దగ్గర చేరాయి. పిలిచిందీ నక్కే, ఆత్రంగా బండెక్కిందీ నక్కే. బతికే హక్కు ఉన్నవాడికి చచ్చే హక్కు ఎందుకు ఉండకూడదని అడిగింది. ప్రాణం పుల్లన్నది, నొప్పి పుల్లన్నది, మధ్యలో మనమెవరం అంది. లోయ అంచు దాకా తానే తోడు వెళ్తానని కళ్ళు కూడా తుడుచుకుంది. అడవిపందికి ఇది నచ్చలేదు. ఇచ్చినవాడే తీసుకోవాలి గానీ నడుమ మన తొందరేమిటని గుర్రుమంది. కుంటుతూ బతకమనడం సులువే, కుంటేది నువ్వు కాదుగా అని కుందేలు పందిని నిలదీసింది. వాదన ముదిరింది. ఎద్దును అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

అక్కడ పెద్దరికం తాబేలుది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"బాగా చెప్పావు నక్కా. మరి బండ కట్టుబాటు గుర్తుందిగా?"

"ఏ కట్టుబాటు తాతా?"

"బండెక్కి ఎవరి గురించి వాదిస్తామో, వాళ్ళ ఒంటి మీద వెంట్రుకైనా మనం ముట్టకూడదు. పుల్లన్న పోతే మిగతా పని మేం చూసుకుంటాం. నువ్వు ఆ లోయ వైపు రాకు."

ఆలోచించగా ప్రాణం చాలా గొప్పదనీ, తొందరపడటం మంచిది కాదనీ నసుగుతూ నక్క బండ దిగింది. కుందేలు సిగ్గుతో తలొంచుకుంది.

అప్పుడు గోరువంక ఎద్దు చెవి దగ్గర వాలింది. "మావయ్యా, ఎక్కడ నొప్పి?"

"మోకాల్లోనమ్మా. అంతకంటే, పొద్దస్తమానం ఒక్కణ్ణే పడి ఉండటంలో."

పంది చల్లని బురద తెచ్చి మోకాలికి పట్టువేసింది. కుందేలు లేతగడ్డి నోటి దగ్గర పెట్టి, రేపూ వస్తానంది. నొప్పి పూర్తిగా పోలేదు. అయినా ఆ రోజు పుల్లన్న కడుపునిండా మేసి, దూరంగా తచ్చాడుతున్న నక్కను పిలిచింది.

"నా రోజు వచ్చినప్పుడు నేనే చెబుతాను అల్లుడూ. నీతో మాత్రం కాదు."

చావు మాట మన కోసం ఏడ్చేవాడితో చెప్పుకోవాలి గానీ, మన మీద ఆకలితో ఉన్నవాడితో కాదు.