ఈదవ్వ కుక్క వాగు దాటిన కథ

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. చదివింది మూడో తరగతి. ఉత్తరం ముక్క రాయాలన్నా మా ఆయనతోనే రాయించేదాన్ని. నలుగురిలో మాట్లాడమంటే నోరు ఎండిపోతది. కానీ ఈదవ్వ కథ మా అమ్మమ్మ నోట ఎన్నోసార్లు విన్న. ఇది మాత్రం తడబడకుండ చెప్పగలను. అందుకే రాస్తున్న.

అడివికి కంచె లేని కాలం. గొర్లు ఎటు పోతే మనుషులు అటు పోయే కాలం. ఆ కాలంల మా కురుమోళ్ల మంద ఒకటి ఉండేది. ఆ మందకు ఈదవ్వ వంట చేసేది. మనుషులకు సంకటి, కుక్కలకు సంకటి. మొగడు చిన్న వయసులోనే పోయిండు. పిల్లలు లేరు. మొగడు సాకిన కుక్క ఒక్కటి మిగిలింది. మూతి మీద తెల్లమచ్చ ఉన్నదని దాన్ని బొల్లిగాడు అనేటోళ్లు.

బొల్లిగాడు గట్టిగా ఉన్నన్నాళ్లు తోడేలు ఆ మంద దిక్కు చూడలే. మరి కుక్కకు కూడా ముసలితనం వస్తది కదా. తుంటి పట్టేసింది. లేవబోతే మూలుగు. కూర్చోబోతే మూలుగు. పడుకున్నా మూలుగే.

తొలకరి పడంగనే చేలల్లో విత్తనాలేస్తరు. అప్పుడు మంద వాగు దాటి గుట్టల మీదికి పోవాలె. ఆ మందలో ఒక కట్టుబాటు ఉండేది. తన కాళ్ల మీద వాగు దాటిన కుక్కే మందలో ఉంటది. దాటలేనిదాని ముందు కుండెడు సంకటి పెట్టి, చేతులు కడుక్కొని, వెనక్కి చూడకుండ పోతరు. సంకటి ఉన్నన్నాళ్లు కుక్క. ఆ తర్వాత నక్కలు.

మందకు పెద్ద అయిలయ్య. ఈదవ్వ మొగనికి అన్న, అంటే ఈదవ్వకు బావ. ఆయన బొల్లిగాన్ని చూసి అన్నడు, "దీని పని అయిపోయింది. తన కాళ్ల మీద దాటితేనే మందలో ఉంటది."

ఈదవ్వ బావకు ఎదురు మాట్లాడే మనిషి కాదు. కొంగు సరిచేసుకొని, పొయ్యికి చెప్తున్నట్టు చెప్పింది, "ఇంకా ముద్ద వాసన చూస్తున్నది గదా."

మొదలు ఇసుక వేడిచేసి మూటకట్టి కాపడం పెట్టింది. బొల్లిగాడు మూలిగింది. తర్వాత ఆముదం రాసి తుంటి పిసికింది. బొల్లిగాడు మూలిగింది. ముద్ద పెడితే వాసన చూసి మూతి తిప్పుకున్నది.

"ఈదవ్వా, వట్టిగ ఎందుకు గోస పడతవు?" అన్నరు కాపర్లు.

"ఇంకా వాసన చూస్తున్నది గదా," అన్నది ఈదవ్వ.

గుట్ట మీంచి ఒక బైరాగి మజ్జిగ కోసం మందకు వచ్చేటోడు. ఆయన మోకాళ్లు సొరకాయల లెక్క వాచి ఉండేవి. అయినా గుట్ట ఎక్కుతడు, గుట్ట దిగుతడు. ఆ రోజు మజ్జిగ పోస్తూ ఈదవ్వ తల దించుకొని అడిగింది.

"సామీ, నీ మోకాళ్లు నొయ్యవా?"

"నొస్తయి తల్లీ. గంజాయి ఆకు నూరుకొని మింగుత. అప్పుడు నొప్పి నా ఎనక నడుస్తది, నేను ముందు నడుస్త."

"నీ మోకాళ్లకు పనిచేసేది నా కుక్క తుంటికి చెయ్యదా?"

బైరాగి మజ్జిగ పొలమారేంత నవ్విండు. "నీ కుక్కకు మోక్షం ఇప్పిస్తవా ఏంది?"

"మోక్షం వద్దు సామీ. వాగు దాటితే చాలు."

బైరాగి జోలెలోంచి గుప్పెడు ఆకు తీసి ఇచ్చిండు. నెయ్యిలో వేయించి పెట్టమన్నడు. ఎంత పెట్టాలో చెప్పలే. అడగడానికి ఈదవ్వకు సిగ్గయింది.

ఇక్కడే పొరపాటు జరిగింది. గొర్లు కాసేటోళ్లకు మందు అంటే ఒక్కటే లెక్క, వెదురుగొట్టం నిండా నింపి గొంతులో పొయ్యడం. ఆకు వేయించిన నెయ్యిని, పొట్టేలుకు ఎంతో, ఈదవ్వ కుక్కకూ అంతే పోసింది.

బొల్లిగాడు లేచింది. అటు ఊగింది, ఇటు ఊగింది, పడ్డది. నాలుక బయటికొచ్చింది. కండ్లు తెరిచే ఉన్నయి, పిలిస్తే చూపు లేదు.

"అయిపోయింది," అన్నడు అయిలయ్య. "గుంత తవ్వుండ్రి."

కాపర్లు గుంత తవ్విండ్రు. ఎత్తుదామని వస్తే ఈదవ్వ కుక్క డొక్క మీద చెయ్యేసి కూర్చున్నది. "ఊపిరున్నది," అన్నది. మళ్ల వచ్చిండ్రు. "ఊపిరున్నది." మూడోసారి ఎవరూ రాలే. ఆ పూట మందలో వంట లేదు. అందరూ పచ్చిపాలు తాగి పడుకున్నరు.

తెల్లారి గొర్లు లేచే యాళ్లకు బొల్లిగాడు తల ఎత్తింది. కుండెడు నీళ్లు తాగింది. కల్లు తాగినోని లెక్క నడుస్తుంటే కాపర్లు పడిపడి నవ్విండ్రు.

"ఈదవ్వా, మాక్కూడా ఓ గొట్టం పొయ్యరాదు?"

"నేను చేసింది తప్పు పని," అన్నది ఈదవ్వ. "ఇంకొంచెం పోస్తే సచ్చేది."

మత్తంతా దిగేదాక కుక్కకు ఏమీ పెట్టలే. ఆ తర్వాత చిటికెలో పట్టే అంత, అందులో సగం, నెయ్యిలో వేయించి జొన్నముద్దలో కలిపింది. బొల్లిగాడు వాసన చూసింది. తిన్నది. ఆ పూట మూలగలే. అట్లనే పెట్టుకుంట పోయింది. తుంటి బాగు కాలే, ముసలితనం పోలే. కానీ నొప్పి పక్కకు జరిగింది. ముద్ద తిన్నది, నిద్రపోయింది, నిలబడ్డది.

తొలకరి పడ్డది. మంద వాగులోకి దిగింది. ముందు గొర్లు, ఎనక మనుషులు, అందరి ఎనక బొల్లిగాడు. ఒక్కొక్క అడుగే వేసుకుంట నడివాగు దాక వచ్చింది. అక్కడ బండ మీదికి ఎక్కి ఆగిపోయింది. కాళ్లు వణుకుతున్నయి. నీళ్లు పెరుగుతున్నయి.

అప్పటికే అవతలి ఒడ్డు మీద ఉన్న అయిలయ్య కర్ర ఎత్తిండు. "దానికోసం ఎవరూ దిగొద్దు. తన కాళ్ల మీద దాటితేనే మందలో ఉంటది. నడువుండ్రి."

మంద కదిలింది. ఈదవ్వ ఒడ్డు మీంచి కదల్లే. జన్మలో మొదటిసారి బావ మొకంలోకి చూసింది.

"బావా, నువ్వు నీ కాళ్ల మీద దాటినవా?"

అందరి బట్టలు తడిసి ఉన్నయి. అయిలయ్య ధోవతి మాత్రమే పొడిగా ఉన్నది. ముసలోడని, మోకాళ్లు వంగుతలేవని, ఇద్దరు మొగోళ్లు ఆయనను భుజాల మీద దాటించిండ్రు. ఏడాదేడాదీ అట్లనే దాటించేటోళ్లు. అది అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు, అంతే.

అయిలయ్య ఎత్తిన కర్ర కింద పెట్టిండు. తనను మోసిన ఇద్దరినే పిలిచి, "పోయి తీస్కరాండ్రి. తుంటి దగ్గర మెల్లగ పట్టుండ్రి, నొస్తది," అన్నడు.

గుట్ట మీద ఆ రోజు వంట దగ్గర అయిలయ్య అటూ ఇటూ తిరిగి పొయ్యి కాడికొచ్చిండు.

"ఆ ఆకు... ఇంకేమన్న మిగిలిందా?"

"కుక్కకు పెట్టినంతే పెడత బావా. ఎక్కువ అడగొద్దు," అన్నది ఈదవ్వ.

బొల్లిగాడు ఆ వానాకాలమంతా మందలోనే ఉన్నది. చలి ముదిరినంక, కడుపునిండా తిని, గొర్ల నడుమ నిద్రలోనే పోయింది. తర్వాత చాన్నాళ్లకు ఈదవ్వ కూడా పోయింది. ఆమెకు గుడి కట్టలే, రాయి పాతలే. కానీ మావోళ్లు ఇప్పటికీ మంద తోలుకపోతూ వాగు దాటితే ముందు దాటేది ముసలి కుక్కే, మనిషి భుజం మీద. ఎత్తుకున్నోడు "ఈదవ్వ కుక్క వస్తున్నది, దారి ఇయ్యుండ్రి" అంటడు. అందరూ పక్కకు జరుగుతరు. పొయ్యి మీంచి దించిన సంకటిలో మొదటి ముద్ద కూడా ముసలి కుక్కకే. ఆ ఆకు మాత్రం ఇప్పుడు ఎవరూ పెట్టరు. సర్కారు ఒప్పుకోదు, మావోళ్లు పశువుల డాక్టరు కాడికి పోతరు. అయినా తుంటి నొప్పి కుక్కకు ఏ మందు వేసినా "ఈదవ్వ చిటికె" అనే అంటరు, ఎక్కువ పొయ్యొద్దని యాదికి ఉండేటందుకు.

ఇదంతా రాసేసరికి చెయ్యి గుంజింది. కాగితాలు మడిచి పెట్టి పడుకున్న. పొద్దున్నే లేచి సంకటి దించి, మొదటి ముద్ద చల్లార్చి, మా ముసలి కుక్క లేవలేకపోతున్నదని దాని కాడికే పోయి కూర్చొని, చేత్తోనే తినిపించిన.